అమావాస్యకు సెలవు చీటీ

బల్లార్షాల రాత్రంటే నారింజ రంగు.
పేపరు మిల్లు ఒక దిక్కు, బొగ్గు సైడింగు ఒక దిక్కు,
ఉత్తరాన చంద్రపూర్ పవర్‌హౌసు
మబ్బు లేకున్నా మబ్బు పట్టినట్టు చేస్తది.
మా డాబా మీద నిలబడి లెక్కపెడితే
పదకొండు చుక్కలు.
అండ్ల ఒకటి విమానం.

నేను బాయి మీద ల్యాంప్ రూమ్‌ల పనిచేస్త.
కిందికి దిగేటోళ్ళకు వెలుగు పంచుడు నా కొలువు.
ఇత్తడి బిళ్ళ ఇస్తే దీపం, దీపం ఇస్తే బిళ్ళ.
షిఫ్టు దిగినంక ఒక్క గూడు ఖాళీగున్నా
మనిషి కోసం వెతకాలె.

"కింద అందరి తలదీపాలు
చుక్కల్లెక్క కనిపిస్తయా అన్నా?"
అని అడిగిన ఒకసారి ఓదేలన్నను.
"చుక్కలా? ఎదుటోని లైటు కండ్లల్ల పొడుస్తది.
సద్ది తినేటప్పుడు అన్నీ బందు చేస్తం,
అప్పుడు వస్తది చీకటి.
చెయ్యి ఉన్నదని
నోటికి ముద్ద అందితేనే తెలుస్తది.
ముప్పయ్యొక్క ఏండ్లు ఏం లేని చీకటిని చూసిన.
ఏమన్న ఉన్న చీకటిని
దిగిపోయేలోపల ఒక్కసారి చూపియ్యి."

అందుకే డ్యూటీ షీటు వెనక రాసుడు మొదలైంది.
పుష్య అమావాస్య. మంచు పడకుంటే మేలు.
ఓదేలన్న, వర్షాతాయి, నేను,
బొలెరో నడిపే సోమా ఆత్రం.
రాజురా దిక్కు వద్దు, సిమెంటు ఫ్యాక్టరీలు.
తాడోబా దిక్కు వద్దు,
పులులకంటె రిసార్టుల లైట్లే ఎక్కువ.
కోఠారి, గోండ్‌పిప్రి, ఆష్టి వంతెన దాటి
ఎడమకు తిరిగితే సోమా మేనత్త ఊరు.
ఫోన్ల పటం చూస్తే అక్కడ ఏం లేదు,
ఉత్త ఆకుపచ్చ.
ఇదే, ఇదే అన్నం.
నడుమ బండి ఆపొద్దన్నడు ఫారెస్టు గార్డు,
ఒంటికి పోవుడైనా ఊళ్ళె దిగినంకనే.

పదిరోజులు ఉందనంగ
సోమా నవ్వుకుంట వచ్చిండు:
"తాయీ, మీ చీకటి పోయింది."
ఊరి నడుమ సోలార్ స్తంభం నాటిన్రట,
నాలుగు తలకాయల లైటు.
కొబ్బరికాయ కొట్టి, పిల్లలకు బిస్కెట్లు పంచిన్రట.

నా పాణం ఉసూరుమన్నది, అబద్ధమెందుకు.
సిగ్గు తర్వాత వచ్చింది.
పోయిన వానకాలం ఆ మేనత్తకు తేలు కుట్టింది.
కుట్టిన జాగ చూసుకునేందుకు
అగ్గిపుల్ల గూడ పొడిది దొరకలే.
లైటు కోసం ఆమె తొమ్మిదేండ్లు వేలిముద్రలేసింది.
ఒక్క రాత్రికి ఆర్పుర్రి అని
వెలుగు పంచి జీతం తినేదాన్ని
నేనెట్ల అడుగుదు?

సోమా ఫోను కలిపిండు.
ఆమెది గోండీ, నాది తెలుగు, నడుమ వాని మరాఠీ.
"చుక్కలకోసం ఇంత డీజిలా?" అని ఒకటే నవ్వు.
ఊకుండలేక ముసలమ్మ మంచం గురించి చెప్పిన,
నానమ్మ పెద్దపల్లి నుంచి మూటతోపాటు తెచ్చిన కథ:
నాలుగు చుక్కలు మంచంకోళ్ళు,
ఎనక మూడు, కోళ్ళెత్తుకపోయే దొంగలు.
సోమా సగం చెప్పకముందే ఆమె ఆపింది.
వాళ్ళకు గూడ అదే మంచం. అదే ముసల్ది.
దొంగలు గూడ ముగ్గురే.

"నా మంచం ఇప్పుడు లైటు కింద ఏసుకున్న,
ఇంక వాళ్ళు రారు" అన్నది.
"మీకు కావాలంటే వైన్‌గంగ దాకా నడువుర్రి,
ఇసుకల వెలుగు అందదు.
మంచం ముందు లేస్తది, దొంగలు ఎనుకొస్తరు.
తొందరపడి మలుగకుర్రి."

కొట్టేసి మళ్ళ రాసినం.
మూడు కిలోమీటర్లు ఇసుకల నడక,
ఓదేలన్న మోకాళ్ళకు నడుమ రెండు ఆగుళ్ళు.
టార్చికి ఎర్ర గాజుకాగితం.
వర్షాతాయి భాకరీలు, ఠేచా. నాలుగు కంబళ్ళు.
మేనత్తకు పావుకిలో చాయ్‌పత్త, బెల్లం.

సెలవు చీటీల కారణం రాసే గడి ఒకటుంటది.
వర్షాతాయి "సొంత పని" అని రాసింది.
ఓదేలన్న "మోకాళ్ళ నొప్పి" అని రాసి సంతకం చేసిండు.
నా చీటీ ఇంకా బల్లమీదనే ఉన్నది.
గూళ్ళల్ల దీపాలు ఛార్జింగుకు పెట్టి
కిర్రుమనే స్టూలు మీద కూసున్న,
పెన్ను మూత తీసి.